ఫైబరు పడవపై పాతపేరు



కడలితీర గ్రామములలో నేడు ఫైబరు పడవలు విరివిగా కానవచ్చుచున్నవి. పడవ చేతులు మారినపుడు పాతపేరు తీసివేయవలసివచ్చును. కొయ్యనావను గీకినట్లు దీనిని గీకరాదని నా మనవి. పైనున్న నునుపైన జెల్‌కోటు పొర సుమారు అర మిల్లీమీటరు మందమే. అది తెగినచో లోని గాజునారకు నీరెక్కి పడవ బలము తగ్గును. ఘాటైన ద్రావకములును, మంటయు ఆ పొరనే చెఱచును.

కావున 600 నంబరు నీటి ఉప్పుకాగితమును తడిపి, చదునైన చెక్కకు చుట్టి, అక్షరములమీదనే తేలికగా రుద్దుడు. రంగు పోగానే నిలిపి, 1000 నంబరు కాగితముతో నునుపుచేసి మెరుగుపెట్టుడు. పిమ్మటను అక్షరముల నీడ కనబడవచ్చును. అది మిగిలిన రంగు కాదు. ఎండ సోకక నిలిచిన పూర్వపు వన్నె. దానికై మరల రుద్దక, చుట్టును వెలిసిన భాగమునకు మెరుగు పెట్టుడు. నీడ మిగిలినను కొఱత లేదు, పొర మిగులవలెను.