చెప్పాం అనుకుంటే చాలదు, రాసి ఇవ్వాలి



పొదుపు, అప్పులు, వాయిదాల లెక్కలు ఇప్పుడే విన్నారు. మేం మాత్రం కాలువ మీది పలకల గురించి మాట్లాడదామని వచ్చాం. వార్షిక సభలో ఇదేటమ్మా అనుకోవద్దు. పెద్ద పట్నాల్లో నడిచేవాళ్లకి వేరే ఫుట్‌పాత్ ఉంటుంది. మన చీపురుపల్లి బజారులో చాలా చోట్ల కాలువ మీద పరిచిన సిమెంటు పలకలే మనకి ఫుట్‌పాత్. రోడ్డు మీద బస్సు వస్తే, లారీ వస్తే, పక్కకి తప్పుకున్న కాలు పడేది ఆ పలక మీదే.

మొన్న వానాకాలంలో మా సంఘం సభ్యురాలు ఒకామె తెల్లవారుజామున కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని బజారుకి బయల్దేరింది. రాత్రి వానకి కాలువ పొంగింది. విరిగిన పలక దగ్గరున్న సందు ఆ నీళ్లలో కనబడలేదు. కాలు లోపలికి దిగబడి ఎముక విరిగింది. రెండు నెలలు మంచం మీదే ఉంది. బేరం లేదు, చేతిలో డబ్బు లేదు, వాయిదా ఎలా కడుతుంది? మేం తలా కొంచెం వేసుకుని కట్టాం. అంటే ఆ పలక ఖర్చు చివరికి మన పొదుపు పుస్తకంలోకే వచ్చింది.

అసలు సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. ఆ పలక విరిగి అప్పటికే చాలా నెలలైంది. మాకందరికీ తెలుసు. రోజూ దాన్ని దాటుకుని నడవడం అలవాటైపోయింది. అడిగితే అందరూ "చెప్పాం కదా" అన్నారు. ఎవరికి చెప్పారంటే ఒకరు కాలువ తీసే తమ్ముడికి, ఒకరు దారిలో ఎదురైన పెద్దమనిషికి. కాగితం మీద రాసి ఇచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. సంఘంలో వంద రూపాయలు కడితే పుస్తకంలో ఎక్కిందా లేదా చూసుకోకుండా లేవం. మరి ప్రాణం మీదికొచ్చే సంగతి నోటిమాటతో ఎలా వదిలేశాం?

ఆ నెల సమావేశంలో తీర్మానం రాసుకున్నాం. ఇద్దరిద్దరం కలిసి వీధులు పంచుకుని నడిచాం. విరిగిన పలక, మూతలేని గుంత, పైకి లేచిన ఇనుప చువ్వ, దీపం వెలగని చోటు, అన్నీ రాశాం. గుర్తుగా పక్కనున్న దుకాణమో, స్తంభమో రాశాం. సందు ఎంత ఉందో టేపుతో కొలిచాం. ఫోటో తీశాం. బడిపిల్లలు నడిచే దారైతే ఆ మాటా రాశాం.

తర్వాత ఏ రోడ్డు ఎవరిదో తెలుసుకున్నాం. తప్పు ఆఫీసుకి ఇచ్చిన కాగితం బల్లల మధ్యే తిరుగుతుంది. విజయనగరం నుంచి పాలకొండ వెళ్లే పెద్ద రోడ్డు రోడ్లు భవనాల శాఖది. ఊరి లోపలి వీధులు, వాటి కాలువలు పంచాయతీవి. వాటిని బాగుచేయడం పంచాయతీ బాధ్యతేనని 1994 పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్ ఉన్నది ఇలాంటి పనులు చూడటానికే. అక్కడ కదలకపోతే సోమవారం జరిగే పీజీఆర్‌ఎస్‌లో అర్జీ ఇవ్వొచ్చు. 1100కి ఫోన్ కూడా చేయొచ్చు. ఎక్కడ ఇచ్చినా అర్జీ నంబరు తీసుకోకుండా తిరిగి రావొద్దు. ఆ నంబరే మనకి రసీదు.

అన్నీ అయిపోయాయని చెప్పం. కొన్ని పలకలు మార్చారు, కొన్ని ఇంకా మిగిలే ఉన్నాయి. ఒక అర్జీకి "పరిష్కరించాం" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. వెళ్లి చూస్తే గుంత గుంతలాగే ఉంది. ఆ రోజు తేదీతో ఫోటో తీసి, పాత నంబరు వేసి మళ్లీ ఇచ్చాం. రెండోసారి పలక పడింది. అందుకే మా మాట ఇది: మెసేజ్ వచ్చిందని కొట్టేయకండి, కాళ్లతో వెళ్లి చూశాకే పుస్తకంలో కొట్టేయండి.

"నిధుల్లేవమ్మా" అనే జవాబు కూడా వస్తుంది. మధ్యప్రదేశ్‌లో రత్లాం అనే ఊరుంది. అక్కడి జనం కంపుకొట్టే మురుగుకాలువల మీద మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లారు. డబ్బుల్లేవని మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ సాకు చెల్లదని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు ఇచ్చారు. ఆటంకం లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో అదే కోర్టు చెప్పింది. కాబట్టి మనం అడిగేది దయ కాదు. గొడవ పడక్కర్లేదు, నెమ్మదిగానే అడుగుదాం. అడగడం మాత్రం మానొద్దు.

మన తప్పులూ ఒప్పుకోవాలి. ఇంటి ముందు చెత్త తీయడానికి పలక లేపి, మళ్లీ సరిగా వేయకుండా వదిలేసేది మనమే. దుకాణం మెట్టు కాలువ మీదికి కట్టేది, టిఫిన్ బండి అడ్డంగా పెట్టేది మనలో కొందరే. బండి పెట్టొద్దనడం లేదు, అది కూడు పెట్టే బండి. ఒక మనిషి, ఒక చంటిబిడ్డ తల్లి నడిచేంత దారి వదిలి పెట్టుకుందాం.

కనకమహాలక్ష్మి అమ్మవారి జాతరకి ఊరు నిండా జనం వస్తారు. చీకట్లో, రద్దీలో కొత్తవాళ్లకి మన గుంతలు ఎలా తెలుస్తాయి? జాతరకి నెల ముందే ప్రతి సంఘం తన వీధి చూసి అర్జీ ఇవ్వాలని కోరుతున్నాం. బాగయ్యేదాకా గుంత దగ్గర కర్రకి ఎర్రగుడ్డ కట్టండి. నెలనెలా సమావేశంలో వాయిదాల లెక్క అయ్యాక, పెండింగు అర్జీల నంబర్లు కూడా చదివించండి.

మా సభ్యురాలు మళ్లీ గంప ఎత్తింది. ఆ చోట ఇప్పుడు కొత్త పలక ఉంది. అయినా అక్కడికొచ్చేసరికి ఆమె ఆగి, కిందికి చూసుకుని మరీ అడుగు వేస్తోంది. ఆ భయం ఇంకొక అక్కకి రాకూడదనే ఇంతసేపు మాట్లాడాం.