రెండు పనులకు ఒక్క ప్రాసెసరు

విజయపురి సౌత్ నుండి ఒక యువకుడు మాకు జాబు వ్రాసినాడు. అతని తండ్రికి లాంచీ స్టేషనుకు చేరువలో చిన్న ఫొటో దుకాణము కలదు. నాగార్జునకొండ మ్యూజియము చూడవచ్చు యాత్రికులకు తండ్రి ఫొటోలు తీయును. కుమారుడు మాచర్ల, గురజాల ప్రాంతములలో పెళ్లి వీడియోలు తీసి ఎడిటింగు చేయును. తీరిక దొరికిన రాత్రి గేములాడును. పాత కంప్యూటరుపై ఒక పెళ్లి వీడియో ముగియుటకు తెల్లవారుచున్నదట. పెళ్లిళ్ల రోజులలో మిగిల్చిన సొమ్ముతో క్రొత్తది కొనవలెను. “అన్నింటికంటె పెద్ద ప్రాసెసరు కొందునా? అది ఆటల కొరకేనని మా నాయన అనుమానము” అని అతడు వ్రాసినాడు. ఇట్టి సందేహము అనేక గృహములలో కలదు గనుక నేడు దీనిని విచారింతము.

ప్రాసెసరులో పనిచేయు భాగములను కోర్‌లందురు. కోర్‌లు ఎన్ని ఎక్కువైన అంత మేలని తలచుట పొరపాటు. సాగర్ కాలువ క్రింద వరినాట్లను చూడుడు. పదిమంది పడునాటు ఇరువదిమంది పడినచో పని సగము కాలమున తెమలును. వీడియోను తుదిరూపమునకు తెచ్చుట అట్టిది, కోర్‌లు పంచుకొందురు. కాని లాంచీని నడుపు సరంగు ఒక్కడే. పడవలో నలువదిమంది ఉన్నను చుక్కాని పట్టువాని నేర్పే ముఖ్యము. గేములు చాలవరకు ఇట్టివి. వాటికి కోర్‌ల సంఖ్య కంటె ఒక్కొక్క కోర్ వేగము ప్రధానము. ప్రాసెసరులోనే ఉండు కాష్ అను చిన్న జ్ఞాపకశక్తియు తోడ్పడును. వంటయింటి డబ్బాలో ఉప్పున్నచో అంగడికి పరుగిడ నక్కరలేదు గదా. 2023లో వచ్చిన రైజెన్ 7 7800ఎక్స్3డికి 8 కోర్‌లే ఉన్నను, 96 మెగాబైట్ల మూడవస్థాయి కాష్ వలననే అది గేములలో పేరుపొందినది.

ఈ విషయమున మా అనుభవమొకటి చెప్పుదుము. కొన్నేండ్ల క్రిందట మేము సొమ్మంతయు ప్రాసెసరుపైననే వెచ్చించి, మెమరీని, గ్రాఫిక్స్ కార్డును చవుకబారువి కొంటిమి. బలమైన ఎద్దును విరిగిన బండికి కట్టినట్లయినది. తప్పు మాదే. గేములో దృశ్యములను చిత్రించు పని గ్రాఫిక్స్ కార్డుది. ఎడిటింగుకు 32 గిగాబైట్ల మెమరీ, వేగము గల ఎస్ఎస్‌డి ఉండుట మేలు.

ఇంకను మూడు సంగతులు గమనింపవలెను. మొదటిది: నేటి ఫోన్లు, కెమెరాలు హెచ్.265 పద్ధతిలో వీడియోను కుదించి దాచును. దానిని విప్పుటకు ఇంటెల్ ప్రాసెసరులలోని అంతర్గత గ్రాఫిక్స్ మిక్కిలి సహాయపడును. పేరు చివర ‘ఎఫ్’ అక్షరమున్నచో ఆ భాగము పనిచేయదని తెలియవలెను. అప్పుడు ఆ భారము గ్రాఫిక్స్ కార్డు మోయవలసియుండును. రెండవది: సాకెట్టు. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్టుపై రైజెన్ 7000, 9000 శ్రేణులు రెండును అమరును; మదర్‌బోర్డు మార్చకయే ముందు ముందు ప్రాసెసరును మార్చుకొనవచ్చును. ఇంటెల్ 12, 13, 14 తరములకు ఒకే సాకెట్టు సరిపోయినను, 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 200 శ్రేణికి వేరొకటి కావలసివచ్చినది. మూడవది: వేడి. ఎండలకు పేరుమోసిన రెంటచింతల మన పల్నాటిలోనిదే. కోర్ ఐ5-13600కెకు 14 కోర్‌లు కలవు. ఎడిటింగులో అది దిట్ట. కాని దాని మూలప్రమాణము 125 వాట్లు, పూర్తివేగమున 181 వాట్లు. 8 కోర్‌ల రైజెన్ 7 7700 మూలప్రమాణము 65 వాట్లే. ఏసీ లేని దుకాణములో, వైశాఖమాసమున, ఈ భేదము చిన్నది కాదు.

కాబట్టి రెండు పనులును చేయు ఈ యువకునికి 8 కోర్‌ల మధ్యతరగతి ప్రాసెసరు చాలునని మా అభిప్రాయము. 16 కోర్‌ల దానికై పెట్టు అదనపు సొమ్మును గ్రాఫిక్స్ కార్డుకును, మెమరీకిని వినియోగించుట మేలు. డబ్బు చాలనిచో 6 కోర్‌ల రైజెన్ 5 7600తో మొదలిడి, అదే బోర్డుపై తరువాత పెద్దది అమర్చుకొనవచ్చును.

కొనుటకు ముందు ఒక్క పని చేయవలెను. పాత కంప్యూటరుపై పెళ్లి వీడియో తయారగుచుండగా టాస్క్ మేనేజరు తెరచి చూడవలెను. ప్రాసెసరు నూరు శాతము పనిచేయుచున్నచో లోపము దానిదే. అది సగమే పనిచేయుచు మెమరీ నిండియున్నచో, మొదట మెమరీ కొనిన చాలును. పెద్ద ఖర్చు తప్పును. ఆ కొలతను కుమారుడు ఒంటరిగా చూడరాదు. తండ్రిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూడవలెను. అది ఆట కొరకో పని కొరకో ఆయనకు అప్పుడు వేరుగా చెప్పనవసరముండదు.