ముందుగానే రొమ్ములు తీయించుకున్నాక

క్యాన్సర్ రాకముందే రెండు రొమ్ములూ తీసేసే ఆపరేషన్ అందరికీ చేసేది కాదు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో ఏదో ఒకదానిలో పుట్టుకతో లోపం ఉన్న ఆడవాళ్లకు 80 ఏళ్లు నిండేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి 70 దాకా ఉంటుంది. ముఖ్యంగా వాళ్ల కోసమే ఈ ఆపరేషన్. 2013లో హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీ తాను చేయించుకున్నానని చెప్పాక చాలామందికి ఈ సంగతి తెలిసింది.

ఈ లోపం తల్లి వైపు నుంచే వస్తుందనుకోవడం పొరపాటు. తండ్రికి ఉన్నా అంతే. ఒక్కో బిడ్డకూ సగానికి సగం అవకాశం. ఇంట్లో ఎవరికి వచ్చిందని డాక్టరు అడిగితే అమ్మమ్మ, పెద్దమ్మ, పిన్నమ్మల పేర్లు చెప్పి మేనత్తను మరిచిపోతారు. మేనత్తకు చిన్న వయసులో వచ్చిన రొమ్ము క్యాన్సర్, నాయనమ్మకు వచ్చిన అండాశయ క్యాన్సర్ కూడా చెప్పి తీరాల్సినవే. పరీక్షకు కొంచెం రక్తం చాలు. జబ్బు వచ్చిన మనిషి బతికి ఉంటే ముందు ఆమెకే చేయించాలి, అప్పుడే ఫలితం తేటగా తెలుస్తుంది.  

ఆపరేషన్ ఎంతవరకు కాపాడుతుంది? అమెరికాలోని మేయో క్లినిక్‌లో 1960 నుంచి 1993 దాకా ఇలా చేయించుకున్న 639 మందిని సుమారు 14 ఏళ్ల పాటు గమనించారు. వాళ్లందరి కుటుంబాల్లోనూ రొమ్ము క్యాన్సర్ ఉంది. రావాల్సిన జబ్బుల్లో నూటికి 90 రాలేదు. ముప్పు పూర్తిగా పోకపోవడానికి కారణం, చర్మం కిందా చంక దగ్గరా రొమ్ము కణజాలం కొద్దిగా మిగిలిపోవడమే. అందుకే ఆ తర్వాత కూడా ఏ చిన్న గడ్డ తగిలినా చూపించుకోవాలి.

తీసేసిన చోట ఆకారం రెండు విధాలుగా తిరిగి కడతారు. ఒకటి సిలికాన్ ఇంప్లాంట్. ఇది జన్మంతా ఉండే వస్తువు కాదు. చుట్టూ ఏర్పడే పొర కొందరిలో గట్టిపడి బిగుసుకుంటుంది, నొప్పి పుడుతుంది. లోపల పగిలినా బయటికి తెలియకపోవచ్చు. అందుకే అయిదారేళ్లకు ఒకసారీ, ఆ పైన రెండు మూడేళ్లకొకసారీ స్కానింగ్ చేయించమంటారు. మళ్లీ ఆపరేషన్ అవసరం కావడం అరుదేమీ కాదు. రెండోది పొట్ట దగ్గరి చర్మాన్నీ కొవ్వునూ తెచ్చి అమర్చడం. ఈ ఆపరేషన్ పెద్దది, పొట్ట మీద పొడవాటి కుట్టు మిగులుతుంది. కానీ అది సొంత ఒంటి ముక్క. మనిషి లావైతే అదీ లావవుతుంది, చిక్కితే చిక్కుతుంది. కుదురుకున్నాక మార్చే పని ఉండదు.

ఎలా కట్టినా స్పర్శ చాలావరకు పోతుంది. ముందుగా చెప్పకపోతే ఎక్కువ బాధపెట్టేది ఇదే. స్నానానికి చెంబుతో పోసుకున్న నీళ్లు మరీ వేడిగా ఉన్నాయని భుజానికి తెలుస్తుంది, రొమ్ముకు తెలియదు. వేడి కాపడం పెట్టుకుని తెలియకుండానే చర్మం కాలినవాళ్లు ఉన్నారు. ఆ చోట కాపడం పెట్టనే కూడదు. బిడ్డకు పాలివ్వడం కుదరదు కాబట్టి కాన్పుల సంగతి ముందే ఆలోచించుకోవాలి.

మనసు మాటేమిటి? మేయో క్లినిక్ వాళ్లే అడిగితే, 14 ఏళ్ల తర్వాత కూడా నూటికి 70 మంది తృప్తిగానే ఉన్నామన్నారు. క్యాన్సర్ దిగులు తగ్గిందన్నవాళ్లు నూటికి 74 మంది. తమ ఒంటిని చూసుకుంటే మునుపటి తృప్తి లేదన్నవాళ్లు నూటికి 36 మంది. న్యూయార్క్ డాక్టర్లు 370 మందిని అడిగినప్పుడు వాళ్లలో 21 మంది పశ్చాత్తాపపడ్డారు. డాక్టరే ముందు ఆ మాట ఎత్తినవాళ్లలో ఆ బాధ ఎక్కువ, తామే అడిగి చేయించుకున్నవాళ్లలో తక్కువ. భర్త, అత్తగారు, అన్నదమ్ములు కూర్చుని ఆపరేషన్ తేదీ ఖాయం చేసే ఇళ్లలో ఈ తేడా గట్టిగా పట్టించుకోవాల్సింది. ఒళ్లు ఆమెది.

ఆపరేషన్ వద్దనుకున్నవాళ్లకు 25 ఏళ్ల నుంచి ఏటా ఎంఆర్‌ఐ, 30 నుంచి దానితో పాటు మామోగ్రామ్ చేస్తారు. ఇవి జబ్బును ఆపవు, తొందరగా పట్టిస్తాయి. రొమ్ములు తీయించుకున్నా అండాశయాలకు రక్షణ ఉండదు. బీఆర్‌సీఏ1 లోపం ఉంటే, కాన్పులు అయ్యాక 35 నుంచి 40 ఏళ్ల మధ్య అండాశయాలనూ వాటి నాళాలనూ తీయించుకోమని సలహా ఇస్తారు. బీఆర్‌సీఏ2 అయితే 45 దాకా ఆగవచ్చు.