మాటయే మూలధనము



పనికి మనుష్యులను, మనుష్యులకు పనిని గూర్చుటయే వృత్తిగా గైకొన్న యొక వర్తకుని చరిత్రమును నేడు మేము విన్నవించుచున్నాము. 2008లో శ్రీసిటీ వెలసిన నాటినుండి మన సత్యవేడు, వరదయ్యపాళెము మండలముల యువతీయువకులు పలువురు యజమానికంటె ముందుగా మధ్యవర్తి ముఖమునే చూచుచున్నారు. ఆ మధ్యవర్తి యెట్టివాడై యుండవలెనో విచారించుట మన కావశ్యకము.

శ్రీ కె. పాండియరాజన్‌గారు 1959లో శివకాశి సమీపమునగల విళాంపట్టి గ్రామమున జన్మించిరి. పసితనముననే తండ్రిని గోలుపోయిరి. కోయంబత్తూరున ఇంజనీరింగును, జంషెడ్‌పూరున ఉద్యోగినిర్వహణ విద్యను అభ్యసించి, 1992లో సహధర్మచారిణి శ్రీమతి లతారాజన్‌గారితో గలసి చెన్నపట్టణమున ‘మా ఫోయ్’ సంస్థను స్థాపించిరి. ఫ్రెంచిభాషలో ఆ పేరునకు ‘నా విశ్వాసము’ అని యర్థము. 2004లో హాలెండుదేశపు వేడియోర్ సంస్థ యందు భాగస్వామి యయ్యెను; 2008లో వేడియోర్ రాండ్‌స్టాడ్‌లో గలిసినందున ఇదియు ఆ మహాసంస్థలో భాగమయ్యెను. 2016లో వారు తమిళనాడు పాఠశాలావిద్యామంత్రియు నైరి. వారు మన సంఘమువారా యని యడుగవలదు. 1960 వరకు మన సత్యవేడును చెంగల్పట్టు జిల్లాలోనిదే. చెన్నపట్టణపు వర్తకుని కథ మనకు పరాయిది గాదు.

పూర్వము మేస్త్రీలు తెలుగు కూలీలను రంగూనునకు గొనిపోయి, ముందిచ్చిన అప్పును కూలిలో గోసికొనుచుండిరి. సక్రమమైన పద్ధతి వేరు. మధ్యవర్తి తన ప్రతిఫలమును యజమానివద్దనే పుచ్చుకొని, పనివానికి జీతమును, భవిష్యనిధిని, ఇ.ఎస్.ఐ. చందాను లోపము లేక చెల్లింపవలెను. అతడు తప్పినచో మూలయజమానియే జీతము నియ్యవలెనని 1970 నాటి కంట్రాక్టు కార్మికచట్టము విధించెను.

యువకులారా! పనికి ముందే రొక్కమడుగువానికిని, మూలపత్రములను దాచుకొనువానికిని దూరముగా నుండుడు. నియామకపత్రమును, జీతపుచీటిని, భవిష్యనిధి సంఖ్యను అడిగి పుచ్చుకొనుడు. అడుగుట అవినయము గాదు.

పోషకమహాశయులలో సిబ్బందిని సమకూర్చు కంట్రాక్టుదారులుండిన, వారికొక మనవి. మనవారని నమ్మి వచ్చిన బిడ్డల జీతములో రూపాయి కోసి, ఆ సొమ్ముతో సత్రము గట్టించినను అది దానము గాదు. ఈ వృత్తికి యంత్రములు లేవు, సరకు లేదు, మాటయే మూలధనము. అది పోయిన మిగులునది దళారితనమే.

మన సంఘము ప్రతి ఆదివారమును ఒక గదిని తెరచి, పిల్లలు తెచ్చు ఉద్యోగపత్రములను చదివి చెప్పు నేర్పాటు చేయవలెనని మా కోరిక. ఆ పనికి మావంటి విశ్రాంతోపాధ్యాయులము సిద్ధముగా నున్నాము. గదిని మాత్రము మీరిప్పింపుడు.