రూప్సా యొడ్డున ఓడల కార్ఖానా

(పఠనమందిర వార్షికసభయందు చేసిన యుపన్యాసము)



దేశరక్షణమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మందిరమువారు నన్నాజ్ఞాపించిరి. దేశరక్షణ మనగానే మన పత్రికలయందు అచ్చగునవి మహాదేశముల మహానౌకల బొమ్మలు. వానిని చూచి చూచి, యుద్ధనౌక యన్నది కొండవలె నుండవలెనను భ్రమ మనకు కలిగినది. నేను నేడొక చిన్న దేశమును, ఆ దేశపు చిన్న ఓడలను గూర్చి చెప్పదలచితిని. ఆ దేశము దూరపుది కాదు. మన తీరమును తాకు బంగాళాఖాతమే దానికిని సముద్రము. బంగ్లాదేశము విస్తీర్ణమున మన ఆంధ్రప్రదేశమునకు కొంచెము తక్కువ. జనమో, పదునారు కోట్లకు పైమాట. ఆ దేశమున ఖుల్నా యను పట్టణమున్నది. దాని నానుకొని రూప్సా యను నది పారుచున్నది. నా కథ ఆ నదిమీదనే ఆరంభమగును.

1971 డిసెంబరు 10వ తేది. తూర్పు బెంగాలీలు పాకిస్థాను పాలకులపై లేచి తొమ్మిదవ నెల జరుగుచుండెను. భారతసేన యుద్ధమునకు దిగి వారము దినములైనది. ఆనాడు పగటివేళ పద్మ, పలాష్ అను రెండు చిన్న యుద్ధపు పడవలు, భారత నావికాదళమువారి పన్వేల్ అను పడవతో గూడి, ఖుల్నాలోని పాకిస్థానీ నావికాస్థావరమును పట్టుకొనుటకై నదికి ఎదురెక్కుచుండెను. ఖుల్నా ఓడల కార్ఖానా దాపునకు చేరునప్పటికి ఆకసమున విమానములు కనబడెను. అవి మన భారత విమానములే. క్రింద పోవునవి శత్రువుల పడవలని భ్రమించి వారు దాడిచేసిరి. పద్మయు పోయెను, పలాషును పోయెను. ఈ పొరపాటును చరిత్రకారులు దాచలేదు, మనమును దాచవలసిన పనిలేదు. పలాష్ పడవలో యంత్రశాలను చూచుకొను రుహుల్ అమీన్ అను యంత్రకారుడుండెను. పడవను విడువుడని ఆజ్ఞ యైనను ఆయన విడువక, దానిని దక్కించుటకే తుదిదాక యత్నించెను. గాయములతో ఒడ్డు చేరగా పాకిస్థాను పక్షపు రజాకార్లు ఆయనను చంపిరి. (ఆ పేరు మన తెలంగాణమువారికి క్రొత్తది కాదు.) బంగ్లాదేశము తన అత్యున్నత వీరపురస్కారమైన ‘బీర్ శ్రేష్ఠ’ను ఏడుగురికే యిచ్చినది. అందొకరు ఈ యంత్రకారుడు.

ఇంతకును ఆ పడవలెవరివి? కలకత్తా రేవువారి కాపలా పడవలు. మనవారు వానిని ఫిరంగులు బిగించి ఇచ్చిరి. అంతకుముందు ఆ విముక్తి సైన్యమునకు నావికులుండిరి గాని నావలు లేవు. ఆ యేడు వసంతమున ఫ్రాన్సు దేశపు తూలోన్ రేవులో మాంగ్రో యను పాకిస్థానీ జలాంతర్గామి యుండెను. అందలి బెంగాలీ నావికులు కొందరు రహస్యముగా దానిని విడిచి పరారియైరి. వారిలో ఎనిమిదిమంది భారతము చేరిరి. వారు ముందు నిలువగా ప్లాసీ దగ్గర భాగీరథీ నదిలో వందలకొలది యువకులకు శిక్షణము జరిగినది. ఆగష్టు 15వ తేది రాత్రి ఆ యువకులు ఈదుకొని పోయి చట్టగ్రామము, మంగ్లా, చాంద్‌పూరు, నారాయణగంజు రేవులలోని ఓడలకు మందుపాతరలు తగిలించి పేల్చిరి. ఏ రాత్రి పోవలెనో వారికి తెలుపుటకు ఆకాశవాణిలో పాటలు వేసిరి! ఓడ లేనివారు ఈతతో యుద్ధము చేసిరి. మెచ్చదగినదే. కాని ఎల్లకాలము ఈతతో సముద్రమును కావలికాయ వీలగునా?

ఇక ఆ కార్ఖానా సంగతి. పాకిస్థాను కాలమున ఒక జర్మను సంస్థ దానిని కట్టగా 1957లో పని ఆరంభమైనది. మొదట దొరలే నడిపిరి. 1965లో ప్రభుత్వ పరిశ్రమల సంస్థ పుచ్చుకొనెను. స్వాతంత్ర్యానంతరము ఉక్కు, ఇంజనీరింగు సంస్థక్రిందికి వచ్చెను. తరువాత జరిగినది మనకు తెలియని కథ కాదు. పనికంటె పద్దులు పెరిగినవి. పద్దులకంటె అప్పులు పెరిగినవి. 1990 ప్రాంతములకు అది రోగిష్ఠి పరిశ్రమల జాబితాలో చేరెను. మూసివేయుదమన్న మాటయు పుట్టెను. తుదకు 1999 అక్టోబరు 3వ తేదిన దానిని నావికాదళమునకు అప్పగించిరి. ఓడ చెడిన కష్టమెట్టిదో ఓడ నడుపువానికి తెలిసినట్లు ఇంకెవరికి తెలియును? కొన్ని యేండ్లలో నష్టము తీరి లాభము కనబడెను. ఆ మీదట నారాయణగంజులోని పాత కార్ఖానా 2006లోను, చట్టగ్రామపు డ్రైడాకు 2015లోను నావికాదళము చేతికే వచ్చినవి.

సైనికులు వ్యాపారము చేయవచ్చునా యని మీలో న్యాయవాదులు అడుగుదురు. అడుగవలసినదే. కొనువాడును అమ్మువాడును ఒకడే యైనచో ధర సరియైనదని చెప్పువాడెవడు? ఈ ప్రశ్నకు నావద్ద పూర్తి సమాధానము లేదు. అయినను మూతపడిన కార్ఖానా నీతిమంతమైన కార్ఖానా యని నేననుకొనను.

ఆ దేశమునకు గస్తీ ఓడల యగత్యము ఎట్లు తెలిసివచ్చెనో వినుడు. 2008 నవంబరులో బర్మా ప్రభుత్వము, సరిహద్దు తేలని సముద్రభాగములో సహజవాయువుకై త్రవ్వించుటకు తన యుద్ధనౌకల కాపలాతో ఓడలను పంపెను. త్రవ్వకము చేయించుచున్నది దేవూ అను కొరియా సంస్థ. బంగ్లాదేశమును తన ఓడలను పంపెను. ఉభయులు ఎదురెదురుగా నిలిచిరి. తుపాకి పేలకుండ, రాయబారములు జరిగి, త్రవ్వువారు వెడలిపోయిరి. ఇందొక చిత్రమున్నది. నాటికి బంగ్లాదేశమునకు గల నౌకలలో మేలైన ఫ్రిగేటు 2001లో దళమున చేరినది. దానిని కట్టినది కూడ దేవూ పేరిట నున్న కొరియా కార్ఖానాయే! రెండును అప్పటికి వేరుపడిన సంస్థలే గాని ఒకప్పుడు ఒక్క యింటివి. ఇందు దేవూ దోషమేమియు లేదు. అంగడివాడు డబ్బిచ్చినవానికెల్ల సరకిచ్చును. అంగడిలో కొన్న బలము అంగడివంటిదే.

తరువాత ఆ తగవు న్యాయస్థానములకెక్కెను. 2012లో హాంబర్గులోని సముద్రన్యాయస్థానము బర్మాతోడి సరిహద్దును తేల్చెను. 2014లో మన దేశముతోడి సరిహద్దు తేలెను. వివాదములో నున్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశమునకే వచ్చినది. మన ప్రభుత్వము తీర్పును మన్నించినది. తీర్పు కాగితముమీద వచ్చును. ఆ నీటిమీద తిరుగువారెవరు? దొంగవేటగాండ్రను పట్టువారెవరు? ఏటేటా అక్టోబరు ప్రాంతమున ఇలిష చేప గ్రుడ్లు పెట్టు కాలములో ఇరువదిరెండు దినములు వేట నిషేధింతురు. ఇలిష యనగా మరేమియు కాదు, గోదావరి కెదురీది వచ్చిన పిదప మనము పుస్తెలమ్మియైన తినవలెనను పులస. ఆ నిషేధము నిలుపుటకు నావికాదళపు ఓడలును తిరుగవలసియున్నది. ఇందుకు మహానౌకలెందుకు? లోతు తక్కువ నీటిలో తిరుగగలిగి, పిలిచిన వెంటనే పరుగెత్తగల చిన్న ఓడలు పదులకొలది కావలెను.

కావుననే ఖుల్నాలో గస్తీ ఓడలు కట్ట నిశ్చయించిరి. 2011లో మొదటి దాని అడుగుదూలమును నాటి ప్రధాని షేక్ హసీనా వేయించెను. 2012 అక్టోబరులో అది నీటిలోనికి దిగెను; 2013 జనవరిలో దళమున చేరెను. దానికి పెట్టిన పేరేమి? పద్మ! ఏ నదిలో అరువు తెచ్చిన పద్మ మునిగెనో ఆ నది యొడ్డుననే సొంత పద్మ పుట్టెను. ఆ యేడే మరి నాలుగు వచ్చినవి. పొడవు సుమారు 50 మీటర్లు, అనగా 165 అడుగులు. బరువు 350 టన్నులు. వేగము 23 నాట్లు. నాటు అనగా గంటకొక సముద్రపు మైలు. ఆ లెక్కన గంటకు 42 కిలోమీటర్లు పైచిల్లర.

ఇట్టి ఓడ కట్టుట రేకులు అతుకుటయేకదా యని తలపవలదు. పైరేకు పలుచనగా నుండవలెను. బరువు పెరిగిన వేగము చచ్చును. పలుచని రేకు వెల్డింగు వేడికి అప్పడమువలె వంకరపోవును. ఏ అతుకు ముందు వేయవలెను, ఏది తరువాత వేయవలెను, ఎంతసేపు చల్లారనీయవలెను అను జ్ఞానము పుస్తకములలో కొంతయే దొరకును. తక్కినది చేతులలో నుండును. అతుకును ఎక్స్‌రేతో పరీక్షింతురు. లోపమున్నచో చెక్కి మరల వేయవలెను. ఓడ నీటబడిన పిదప దానిపై బరువులను అటునిటు జరిపి ఎంత ఒరుగునో కొలుతురు. ఆ కొలతలో తప్పినచో తుపానులో మనుష్యులు చత్తురు. ఒకటవ ఓడలో చేసిన తప్పు రెండవదానిలో చేయరు, రెండవదానిది మూడవదానిలో చేయరు. అయిదు ఓడలు ఒక్క నమూనాపై కట్టుటలోని మర్మ మిదియే. కొన్న ఓడ ఎంత గొప్పదైనను ఈ తప్పులను మనకు నేర్పదు.

ఇక వేగము సంగతి. నీరు గాలివంటిది కాదు. ఓడ వేగము ఒకటిన్నర రెట్లు పెంచవలెనన్న, సాధారణముగా యంత్రబలము మూడురెట్లకు పైగా పెంచవలసియుండును. ఆ బలమును తక్కువ బరువులో ఇమిడ్చిన డీజిల్ యంత్రములను చేయగల దేశములు ప్రపంచమున వేళ్లమీద లెక్కింపవచ్చును. ఇక్కడ మనము మొగమాటము లేక నిజము చెప్పుకొనవలెను. పద్మ దేహము ఖుల్నాలో పుట్టినది; గుండె పుట్టలేదు. యంత్రములు, ఫిరంగులు, రాడారు పరదేశముల నుండి వచ్చినవి. సాంకేతిక సహాయము చీనావారిది. దీనిని చూపి, ఇది స్వదేశి యెట్లగునని పరిహసించువారున్నారు. చీరాలలో నేసిన చీర నూలు వేరొక యూరి నుండి వచ్చినంతమాత్రాన అది చీరాల చీర కాకపోవునా? అయినను పరిహాసములో ఒక ముల్లున్నది. నూలు ఏ యూరనైన దొరకును; ఓడ యంత్రము విడిభాగము అమ్మనన్నచో ఓడ రేవులో కూర్చుండును. ఆ ముల్లు తీయుట వారివలనను ఇంకను కాలేదు, మనవలనను పూర్తిగా కాలేదు.

మన విశాఖపట్టణమును తలచుకొనుడు. 1941లో రాజేంద్రప్రసాదుగారు సింధియా కార్ఖానాకు శంకుస్థాపన చేసిరి. 1948లో ‘జల ఉష’ను నెహ్రూ పండితుడు నీటిలోనికి విడిచెను. ఆ కార్ఖానాయే హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయినది. దానికిని నష్టముల కాలము వచ్చినది. 2010లో దానిని రక్షణశాఖకు అప్పగించిరి. ఖుల్నా మార్గమే! 2012 జనవరిలో, అనగా సొంత పద్మ దళమున చేరుటకు సరిగా ఏడాది ముందు, అందు కట్టిన ‘రాణీ అబ్బక్క’ తీరరక్షక దళమున చేరెను. అదియు సుమారు 50 మీటర్ల గస్తీ ఓడయే. కాని దానికి ప్రొపెల్లరు లేదు. నీటిని చిమ్మి ముందునకురుకును. వేగము 34 నాట్లు. ఆ వరుసలో అయిదవదియైన ‘రాణీ రాష్మణి’ 2018లో గాని దళమున చేరలేదు. ఖుల్నావారు అయిదింటిని ఒక్క యేటిలో చేర్చిరి. వేగమున మన ఓడ గెలిచెను. కట్టు వేగమున వారు గెలిచిరి. పోలిక పూర్తిగా న్యాయము కాదు, మనది కట్టుటకు కష్టతరమైన ఓడ. అయినను ఆరేండ్లకును ఏడాదికిని గల యంతరము ఓడ కష్టముచేతనే కలిగినదని నమ్మింపజూచినచో నేను నమ్మను.

ఖుల్నావారు అయిదింటితో ఆగలేదు. అంతకు పెద్దవియు, జలాంతర్గాములను వేటాడునవియు నగు ఓడలను నాలుగింటిని తెచ్చుకొనదలచి, మొదటి రెండింటిని చీనాలో కట్టించిరి. మిగిలిన దుర్గమ్, నిషాన్ అనువానిని ఖుల్నాలోనే కట్టిరి. అవి 64 మీటర్ల ఓడలు, 2017 నవంబరులో దళమున చేరినవి. రెండు కొని, చూచి నేర్చి, రెండు కట్టుట! ఆ సంవత్సరముననే ఆ దేశము చీనావారు వాడిన రెండు జలాంతర్గాములను దళమున చేర్చుకొన్నది. పత్రికలలో జలాంతర్గాముల బొమ్మలే పెద్దవిగా పడినవి. నాకైతే ఆ రెండింటికంటె దుర్గమ్ పుట్టుకయే పెద్ద వార్త.

2023లో మరియొక అయిదు గస్తీ ఓడలు దళమున చేరినవి. అవియు ఖుల్నాలో కట్టినవే. ఈసారి పేళ్లలో నాలుగు మనుష్యులవి: షహీద్ దౌలత్, షహీద్ ఫరీద్, షహీద్ మొహిబుల్లా, షహీద్ అఖ్తరుద్దీన్. స్వాతంత్ర్య సమరమున ప్రాణములిచ్చిన నావికుల పేళ్లవి. రుహుల్ అమీన్ సమాధి రూప్సా తూర్పు గట్టున నున్నది. కార్ఖానా పడమటి గట్టున నున్నది. నడుమ నది.