కుజుని నేలమీద దుమ్మూ, గాలీ



ఈ యేడు కుజుని ఫలమేమిటో పంచాంగశ్రవణంలో ఇందాకనే విన్నాం. ఆ కుజుని నేలమీద దిగిన యంత్రాల సంగతి కొంచెం మనవి చేస్తాం.

2004 జనవరిలో అమెరికావారు స్పిరిట్, ఆపర్చునిటీ అనే రెండు బండ్లను అక్కడ దింపారు. వాటికి విద్యుత్తు ఎండవల్లనే. వీపుమీది పలకలపై దుమ్ము పేరుకొని శక్తి సన్నగిల్లుతుందని ఎంచి, 90 దినాల పనికే వాటిని ఉద్దేశించారు. దుమ్మును లెక్కవేశారు గాని, గాలి చేసే మేలును అంతగా లెక్కించలేదు. మన గాలి ఒత్తిడిలో నూరవ వంతైనా లేని ఆ పలుచని గాలి ఏమి ఊడ్చగలదని మనకూ తోస్తుంది. అయినా 2005 మార్చిలో స్పిరిట్ పలకలు గాలికి శుభ్రపడి, విద్యుత్తు ఒక్కసారిగా పెరిగింది. ఆ బండి 2010 దాకా కబుర్లు పంపింది.

ఆపర్చునిటీ 45 కిలోమీటర్లు నడిచింది. 2018 జూన్‌లో దుమారం లేచి గ్రహమంతా కమ్ముకొని, పట్టపగలే చీకటి చేసింది. జూన్ 10 తర్వాత దానినుండి పలుకు లేదు. ఆకాశం తేటపడ్డాక ఏ గాలైనా వచ్చి పలకలు ఊడుస్తుందేమోనని నెలల తరబడి పిలిచి పిలిచి, 2019 ఫిబ్రవరిలో ఆశ వదులుకొన్నారు.

ఇన్‌సైట్ అనే మరొక యంత్రం ఉన్నచోటనే ఉండి పనిచేసేది. దాని పలకలూ దుమ్ము పట్టగా, 2021లో ఒక ఉపాయం పన్నారు. యంత్రం చేతితోనే ఇసుక తోడించి, పలక పక్కన సన్నని ధారగా పోయించారు. రేణువులు గాలికి పలకమీద గెంతుతూ దుమ్మును కొంత లేపుకుపోయాయి. ఇసుకతో అంట్లు తోమిన మన అమ్మమ్మలు వింటే నవ్వుకొనేవారు! విద్యుత్తు కాస్త పెరిగింది. తగిన గాలి మాత్రం రాలేదు. 2022 డిసెంబరులో అదీ మూగబోయింది.