కళాశాల విద్యార్థికి ధనసహాయము: దాని భేదములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కోరుట్లలో చాట ముందిడుకొని బీడీలు చుట్టు తల్లికిని, సిరిసిల్లలో మరమగ్గముల నడుమ రాత్రి పని చేయు తండ్రికిని, జగిత్యాల పల్లెలలో పసుపు పండించు రైతుకును నేడు ఒకటే చింత: పిల్లలకు సీటు వచ్చినది, డబ్బు ఎక్కడిది? 2007లో కొండగట్టు చెంత నాచుపల్లిలోను, 2021లో సిరిసిల్లలోను జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. కళాశాల దగ్గరకు వచ్చినది గాని, ఫీజు భారము తగ్గలేదు. వడ్డీ వ్యాపారి గడప త్రొక్కుటకు ముందు సహాయము ఎన్ని విధములో తెలిసికొనుట మేలు.

మొదటిది, పేదరికమును బట్టి ప్రభుత్వమిచ్చు ఉపకార వేతనము. దీనిని తిరిగి చెల్లింపనక్కరలేదు. ఇందు రెండు భాగములు కలవు: కళాశాలకు చేరు ఫీజు ఒకటి, విద్యార్థి భోజన వసతులకై ఇచ్చునది మరియొకటి. వెనుకబడిన తరగతులవారికి ఆదాయ పరిమితి గ్రామములందు లక్షన్నర రూపాయలు, పట్టణములందు రెండు లక్షలు. హాజరు నూటికి డెబ్బదియైదు పాళ్లు ఉండవలెను. ఈ సొమ్ము ఒక్కొక్కప్పుడు ఆలస్యమగును. బకాయిలకై 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు మూతపడినవి. కావున మంజూరైన సొమ్మును చేతికందిన సొమ్ముగా ఎంచరాదు.

రెండవది, తల్లిదండ్రుల వృత్తిని బట్టి వచ్చునది. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ తరగతిని బట్టి సంవత్సరమునకు 1,000 మొదలు 25,000 రూపాయల వరకు ఇచ్చును. దీనికి తల్లి పేరిట ఉన్న బీడీ గుర్తింపు కార్డు ఆధారము. పెట్టె అడుగున పడియున్న ఆ కార్డు బిడ్డ చదువునకు పెట్టుబడి కాగలదు.

మూడవది, ప్రతిభను బట్టి లభించునది. ఇంటర్మీడియట్‌లో ఉన్నత స్థానము పొందిన పేద విద్యార్థులకు డిగ్రీ చదువునకు ఏటా 12,000 రూపాయల కేంద్ర స్కాలర్‌షిప్పు కలదు. సాంకేతిక విద్యలో చేరిన బాలికలకు 'ప్రగతి' పథకము క్రింద ఏటా 50,000 రూపాయలు ఇత్తురు.

ఇవి అన్నియు ఒకేసారి లభింపవు. ఒకటి పొందినవారికి మరియొకటి నిరాకరించు నిబంధనలు పెక్కు పథకములందు కలవు. ఏది అధికమో లెక్క చూచుకొని దరఖాస్తు చేయవలెను.

నాలుగవది బ్యాంకు ఋణము. ఇది సహాయమే గాని దానము కాదు. చదువు ముగియు వరకు వాయిదాలు అడుగకపోయినను వడ్డీ పెరుగుచునే యుండును. ఉచితముగా వచ్చునవి అన్నియు చూచుకొని, మిగిలిన కొరతకు మాత్రమే అప్పు చేయుట వివేకము. సంతకమునకు ముందు షరతులు చదువవలెను. 1913లో బరోడా మహారాజు నెలకు పదకొండున్నర పౌనుల వేతనమిచ్చి అంబేద్కరును అమెరికాకు పంపినప్పుడును, చదువు ముగిసిన పిమ్మట సంస్థానమున కొలువు చేయవలెనను ఒప్పందము జరిగినది.

ఆదాయ ధ్రువపత్రము, కుల ధ్రువపత్రము, ఆధార్, బ్యాంకు ఖాతా, వీటిలో పేరొక అక్షరము తేడా పడినను దరఖాస్తు నిలిచిపోవును. కావున వేసవిలోనే సరిచూచుకొనవలెను. ప్రతి ఏటా పునరుద్ధరణ మరువరాదు.

చదువగలవారు చదువలేనివారికి ఈ ప్రకటనలు చదివి వినిపించుటయే గ్రంథాలయమునకు నిజమైన రజతోత్సవము. గడువు తేదీ తెలియక ఈ ఊరి బిడ్డ ఒక్కరును చదువు మానకుందురు గాక!